కణుపు లేని ఆకులు

3 జూలై 1968, బుధవారం

నిన్న సాయంత్రం మనీప్లాంటు పీకేశాను.

యాభై రెండేళ్ళొచ్చాక డైరీ ఏమిటని నన్ను నేనే అడిగాను. సీతమ్మ ఆదివారం నుంచి నాతో మాట్లాడటం లేదు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన నోరు ఊరికే ఉండమంటే ఉండదు. అందుకని బడికి తెచ్చిన తెల్లకాగితాల పుస్తకం ఒకటి వాడుకుంటున్నాను.

జరిగింది క్లుప్తంగా రాస్తాను. మా అమ్మాయి లీలారాణి (ఈ పుస్తకంలో ఈ పేరు ఇదే ఆఖరుసారి) మే నెలలో రిజిస్ట్రారు ఆఫీసులో జగన్నాధమనే అతన్ని పెళ్ళి చేసుకుంది. పొందూరు నేతవాళ్ళ కుర్రాడు. గజపతినగరంలో ఖద్దరు కొట్టులో పని. హిందువులు. బాప్తిస్మం తీసుకుంటావా అని అడిగితే "ఆలోచిస్తానండీ" అన్నాడు. ఇందులో ఆలోచించడానికేముంది? మొన్న ఆదివారం చర్చి సంఘం కూడి ఆ పిల్ల పేరు సభ్యుల పట్టీలోంచి కొట్టేసింది. నేను సంఘంలో డీకనును, అంటే పెద్దల్లో ఒకణ్ణి. కూతురని మొహమాటపడలేదు. ఆదివారం గురించి ఇంతకన్నా రాయవలసింది లేదు.

ఇక మొక్క సంగతి. అది ఆ పిల్లదే. ఎనిమిదేళ్ళుగా కిటికీ ఊచల్లోంచి బయల్దేరి, గోడగడియారం మీదుగా, నడవలోకి పాకింది. నిన్న బడి నుంచి వస్తుంటే వేలాడుతున్న ఆకొకటి నుదుటికి తగిలింది. అంతే. వేరుతో సహా లాగి, కత్తిపీటకేసి ముక్కలు చేసి, పెరటి గోడ అవతల చెత్తకుప్ప మీద పారేశాను. సీతమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

4 జూలై

పొద్దున్నే వాన. గొడుగు వేసుకుని చెత్తకుప్ప దగ్గరికి వెళ్ళాను. ఆకులింకా నిగనిగలాడుతున్నాయి. మచ్చ లేనివి, వెడల్పయినవి పద్నాలుగు ఏరి, కాడలతో సహా కోసి తెచ్చాను. వంకర్లు తిరిగిన ఉత్త తీగల్ని అక్కడే వదిలేశాను. చూడ్డానికి వానపాముల్లా ఉన్నాయి.

నాలుగు సిరాబుడ్లు, ఏడు దగ్గుమందు సీసాలు, మూడు హార్లిక్సు సీసాలు. అన్నింట్లో నీళ్ళు పోసి ఒక్కొక్క ఆకు పెట్టాను. హార్లిక్సు సీసాలు నాలుగుండాలి. నాలుగోది కనబడలేదు. అడుగుదామంటే ఆవిడ మాట్లాడదు.

ఇది పశ్చాత్తాపమేమీ కాదు. పచ్చటి వస్తువు కుళ్ళబెట్టడం దేవుడికి నచ్చదు. పైగా ఎనిమిదో తరగతి సైన్సులో మొక్కల పెంపకం పాఠముంది. నేను చెప్పేది లెక్కలే అనుకోండి.

9 జూలై

వేర్లు లేవు.

10 జూలై

లేవు.

16 జూలై, మంగళవారం

అయిదో సీసాలోనూ తొమ్మిదో సీసాలోనూ కాడ చివర తెల్లటి చుక్కలు! కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. వేర్లే. స్కేలు పెట్టి కొలిచాను. అంగుళంలో ఎనిమిదో వంతు.

పట్టలేక "సీతా, ఇలా రా" అన్నాను. తడి చేతులతోనే వచ్చి సీసాల వరసంతా ఒక చివర నుంచి చూసింది. పదహారు రోజుల తరవాత నోరు విప్పింది.

"సేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏటి లాభం?"

వెళ్ళిపోతూ గుమ్మంలో ఆగి, "గజపతినగరంలో మా అక్కకి కడుపునొప్పంట. రేపు ఎల్తాను" అంది.

వాళ్ళక్క దేముడమ్మ. పాపం, మంచి మనిషి. వెళ్ళిరమ్మన్నాను. గజపతినగరంలో ఇంకా ఎవరెవరుంటారో నాకనవసరం.

28 జూలై, ఆదివారం

అయిదో సీసాలో వేరు అంగుళమున్నర. తొమ్మిదోదానిలో అంగుళంపావు. మిగిలినవాటిలో ఆరింటికి కాస్తో కూస్తో వచ్చాయి. రోజు విడిచి రోజు నీళ్ళు మారుస్తున్నాను.

దేముడమ్మ వదినకి మళ్ళీ కడుపునొప్పి. మా పెళ్ళయిన పాతికేళ్ళలో తలనొప్పి కూడా ఎరగని మనిషికి మే నెల నుంచి ఇది నాలుగోసారి. సీతమ్మ సంచిలో చింతకాయ పచ్చడి జాడీ చూశాను. కడుపునొప్పికి చింతకాయ పచ్చడి!

నేను లెక్కల మాస్టారిని. రెండూ రెండూ ఎంతో నాకు తెలుసు. కలపడం, కలపకపోవడం నా ఇష్టం.

11 ఆగస్టు, ఆదివారం

ఆదివారపు బడిలో పిల్లలకి దొంగతనం గురించి పాఠం. అలవాటుగా పాత కథే నోటికి వచ్చింది.

ఆ పిల్లకి పద్నాలుగేళ్ళప్పుడు మిషను దొరల బంగళా వరండాలోంచి ఈ మొక్క కొమ్మ ఒకటి తుంచుకొచ్చింది. మనీప్లాంటు అడిగి తెచ్చుకుంటే బతకదట, దొంగిలించి తెస్తేనే పెరుగుతుందట. స్నేహితురాళ్ళు చెప్పారు. నేను చెవి పట్టుకుని బంగళాకి నడిపించుకెళ్ళి దొరసానికి అప్పజెప్పించాను. ఆవిడ నవ్వి, తన చేత్తోనే ఒక కొమ్మ కోసి ఇచ్చింది. అదే మా ఇల్లంతా అల్లుకుంది. కాబట్టి పిల్లలూ, అడిగి తెచ్చుకున్నదే వర్ధిల్లుతుంది. ఎనిమిదేళ్ళుగా ఇదే చెబుతున్నాను.

ఈ రోజు "ఇల్లంతా అల్లుకుంది" దగ్గర ఆగిపోయాను. పిల్లలు "తరవాతేటయ్యింది సార్?" అన్నారు. పాట పాడించి పంపించేశాను.

19 ఆగస్టు

వేర్లు రెండంగుళాలు దాటాయి. చిగురు మాత్రం ఒక్క సీసాలోనూ లేదు.

ఎండ చాలదేమోనని కిటికీలోకి మార్చాను. మధ్యాహ్నం ఎండ ఎక్కువైందేమోనని నడవలోకి తెచ్చాను. సాయంత్రం మళ్ళీ కిటికీలోకి. బొగ్గుముక్క వేస్తే నీళ్ళు శుభ్రంగా ఉంటాయని ఎవరో అంటే వేశాను. కుంపట్లో బొగ్గు తగ్గిందని సీతమ్మ సణిగింది. సణిగితే సంతోషంగానే ఉంది.

కూర్చుంటే లేవాలనిపిస్తోంది. లేస్తే ఎక్కడికెళ్ళాలో తెలియడం లేదు. బడిలో కూడికల్లో రెండుసార్లు తప్పు చేశాను. పిల్లలు దిద్దారు.

2 సెప్టెంబరు, సోమవారం

హెడ్మాస్టరు హాజరుపట్టీ ఇచ్చి ఎల్లాజీని పంపించారు. ఎల్లాజీ ఇప్పుడు మా బళ్ళో నీళ్ళు పోస్తాడు గాని, అంతకు ముందు ఇరవయ్యేళ్ళు బంగళాలో తోటపని చేశాడు. నా సీసాల వరస చూసి బుగ్గన వేలేసుకున్నాడు.

"ఏటి మేస్టరుగోరూ, ఆకుల కొట్టెట్టేరా?"

"చిగురు రావడం లేదు ఎల్లాజీ. రెండు నెలలైంది."

అయిదో సీసాలోంచి ఆకు పైకి తీసి, కాడ చివర వేలితో తడిమాడు. "కణుపేదండీ?"

"కణుపేమిటి?"

"ఆకు తీగని అంటుకునే కాడ ముడిలాగుంటాది, పక్కన గోధుమరంగు బుడిపె. అదే కణుపు. సిగురు దాన్లోంచే వస్తాది బాబూ. మీరు ఉత్త ఆకులెట్టేరు. ఏరొస్తాది, కాదన్ను. పచ్చగా ఉంటాది. అంతే. సచ్చేదాకా అలగే ఉంటాది, పెరగదు."

"ఎన్నాళ్ళుంటుంది?"

"నీళ్ళు మారిస్తే సమచ్చరమైనా ఉంటాది. ముదురు తీగ సూసి, కణుపుకి కింద రెండు వేళ్ళ మేర వదిలి కోసి నీళ్ళలో ఎట్టాల. ఆ తీగలేటి సేసేరు?"

పారేశానని చెప్పాను. భాగహారం రాని పిల్లవాడి వైపు నేనెలా చూస్తానో, నా వైపు అలా చూశాడు.

అతను వెళ్ళాక చాలాసేపు సీసాల ముందు కూర్చున్నాను. అందమైన ఆకులేరుకుని, ప్రాణమున్న తీగని వానపాములన్నాను. ఏడుపొచ్చింది. మొక్క కోసం కాదు. ఇది నేను తప్ప ఎవరూ చదవరు గనక జూన్ ముప్ఫయ్యో తేదీ ఆదివారం నాడు జరిగింది ఇప్పుడు రాస్తాను.

పాస్టరు ఆదాము గారు ఆ పిల్ల పేరు చదివి, "తొలగించడం ఇష్టమైనవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. ఒక్కరూ ఎత్తలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆదాము గారు నా మొహం చూసి, "పోనీ, వచ్చే నెల చూసుకుందాం" అని కాగితం మడుస్తున్నారు. అప్పుడు నేను ఎత్తాను. నా వెనక అందరూ ఎత్తారు. సంఘం కొట్టేసిందని రాశాను మొదటి రోజు. సంఘం కాదు. నేను ఎత్తకపోతే ఎవరూ ఎత్తేవారు కాదు.

డీకను సుందరరావు ఎంత నిక్కచ్చి మనిషో అని అనుకోవాలి గదా జనం. అనుకున్నారు కూడా. బయటికొచ్చాక ఇద్దరు నాకు చెయ్యి కలిపారు. ఆ పిల్ల గుమ్మం పక్కనే నిలబడి ఉంది.

3 సెప్టెంబరు

నీళ్ళు మార్చలేదు.

4 సెప్టెంబరు

మార్చాను.

15 సెప్టెంబరు, ఆదివారం

సీతమ్మని అడిగాను, ఈ వీధిలో ఎవరింట్లోనైనా మనీప్లాంటుందా, ఒక తీగముక్క అడిగి తెస్తానని.

"అడిగి తెచ్చింది బతకదు."

"మూఢనమ్మకం! దొరసాని ఇచ్చినది బతకలేదా?"

చేటలో బియ్యం పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "దొరసాని ఇచ్చిన ముక్క వారంలో కుళ్ళిపోనాది. మీరు బాధపడతారని మీకు సెప్పలేదు. లీల మల్లీ ఎల్లి, దొంగతనంగా ఇంకోటి తెచ్చింది. గేటు కాడ నేనే కావలి కాసేను."

ఎనిమిదేళ్ళు! ఎంతమంది పిల్లలకి చెప్పాను ఆ కథ!

నేను తేరుకునే లోపలే మిగిలినదీ చెప్పేసింది. "మీరు పారేసిన తీగలూ నేనే ఏరేను. హార్లిక్సు సీసాలో ఎట్టి లీల ఇంటికి తీసుకెల్లేను. ఇప్పుడు ఆల్ల కిటికీకి అల్లుకుంటన్నాది. మా అక్క గుండ్రాయిలాగుంది, దానికే రోగవూ లేదు."

"నాకు తెలుసు" అన్నాను.

"మీకు తెలుసని నాకూ తెలుసు. ఇంకోటి వినండి. వచ్చే నెలాఖరుకి ఆల్లు రాయగడ ఎల్లిపోతన్నారు. జగన్నాధాన్ని అక్కడి కొట్టుకి మార్చేరు. ఎల్లేముందు ఒక్కసారి ఇంటికి రాయే అంటే, నాన్న పిలిస్తే వస్తానంది. పిలుస్తారా?"

"తప్పు చేసినవాళ్ళు వచ్చి ఒప్పుకోవాలి."

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అది కూడా అచ్చు మీలాగే అంటాది. పోలిక ఎక్కడికి పోతాది?" మళ్ళీ చేట అందుకుంది.

తప్పు చేసినవాళ్ళు అన్నానే గాని, ఎవరో చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

29 సెప్టెంబరు

రాయగడ ఇక్కడికి ఎంత దూరమో బళ్ళో మ్యాపు మీద దారం పెట్టి కొలిచాను. రెండుసార్లు.

2 అక్టోబరు, బుధవారం

బడికి సెలవు. దేముడమ్మ వదినను చూడ్డానికి గజపతినగరం వెళ్ళాను.

పై వాక్యం కొట్టేశాను. మళ్ళీ రాస్తాను. లీల ఇంట్లోంచి తీగముక్క దొంగిలించడానికి గజపతినగరం వెళ్ళాను.

గాంధీ జయంతి గనక ఖద్దరు కొట్టులో తగ్గింపు ధరలు, రద్దీ. జగన్నాధం ఇంట్లో ఉండడు. లీల వంటింట్లో ఉంటుంది. వీధి వైపు కిటికీ దగ్గర నిలబడి, ఒక్క ముక్క కోసుకుని, మధ్యాహ్నం బండికి తిరిగొచ్చేయడం. ఎవరినీ పిలవక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. జేబులో పెన్సిలు చెక్కే బ్లేడు, తడిపిన గుడ్డముక్క. పాసింజరులో ఎదురుగా కూర్చున్నాయన "ఎక్కడికండీ?" అంటే ఉలిక్కిపడ్డాను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది నా పని.

ఖద్దరు కొట్టు వెనక వీధిలో మూడో ఇల్లు. కిటికీ ఊచలకి చుట్టుకుని, అరుగు మీదకి వేలాడుతోంది. లేత ఆకులు అరచేతిలో సగం లేవు. కింద ముదురు తీగ వంకర్లు చూసి గుర్తుపట్టాను. నేను పారేసినవే.

తరవాత ఎల్లాజీ చెప్పినట్టు కణుపు వెతికి, దాని కింద రెండు వేళ్ళు వదిలి బ్లేడు ఆనించాను.

"ఒలే లీలా! ఎవుడో ముసిలోడు నీ మొక్క కోసేస్తన్నాడే! దొంగ! దొంగ!"

పక్కింటి అరుగు మీద నుంచి ఒకావిడ. చిన్నతల్లి అని తరవాత తెలిసింది. గజపతినగరం మొత్తం వినేలా అరిచింది. పారిపోదామనుకున్నాను, నిజం. చెప్పు తీగలో చిక్కుకుంది.

లీల తలుపు తీసింది. చేతులకి పిండి. పొందూరు ఖద్దరు చీర. కాస్త చిక్కింది. నా చేతిలో బ్లేడు చూసింది, నన్ను చూసింది.

"మా నాన్న, పిన్నీ."

"మీ నాన్నయితే లోపలికి రాకుండా, దొంగలాగ కోసుకోడవేటే?"

"మా నాన్న అంతే" అంది లీల. "రండి లోపలికి."

మంచినీళ్ళిచ్చింది. అది గోడకి ఆనుకుని, నేను పీట మీద.

"అడిగితే ఇద్దును గదా నాన్నా."

"అడిగింది బతకదటగా. మీ అమ్మ చెప్పింది. అంతా చెప్పింది."

నవ్వింది. నవ్వుతూనే పిండి చేతుల్తో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చెప్పాను. చెయ్యి ముందు ఎత్తింది నేనేనని, ఆదాము గారు కాగితం మడిచేస్తున్నా ఎత్తానని.

"తెలుసు. గుమ్మం కాడ నేనున్నాను గదా."

"కోపం లేదూ?"

"ఎందుకు లేదు? మూడు నెలల్నించీ ఉన్నాది. ఇప్పుడూ ఉన్నాది. రొట్టెలు మాడిపోతాయి, ఉండండి." వంటింట్లోకి వెళ్ళింది.

ముప్ఫై ఏళ్ళు బళ్ళో, ఇరవయ్యేళ్ళు సంఘంలో మాట్లాడిన వాణ్ణి. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఆ మూడు ముక్కలు అనేసరికి చెమట పట్టింది. "లీలా. తప్పు నాది. ఇంటికి రా."

వీపు తిప్పే ఉంది. "ఇంటికేనా? గుడికి కూడానా?"

"గుడికి రమ్మనడానికి నాకు మొహం లేదు."

"నాకున్నాది" అంది ఇటు తిరిగి. "నేనేటి దొంగతనం సేసేనా, బ్లేడట్టుకు పట్టుబడ్డానా? ఆదివారం వస్తాను. గుడికే వస్తాను."

జగన్నాధం భోజనానికి వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "మావగారూ" అన్నాడు. చెప్పులు విప్పుతూ, "ఇంకా ఆలోచిస్తనే ఉన్నానండీ" అన్నాడు. నేను అడగనేలేదు. నాకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. నేను ముద్ద ఎత్తేదాకా కంచంలో చెయ్యి పెట్టలేదు. కుర్రాడు మంచివాడు. ఇది మే నెలలోనే రాయవలసింది.

మొక్క మాట మరిచేపోయాను. బండి కదిలాక చూస్తే చొక్కా జేబు తడిగా ఉంది. తడిగుడ్డలో చుట్టి రెండు కణుపుల తీగముక్క. అడగలేదు, దొంగిలించనూ లేదు. ఇది ఏ లెక్కలోకి వస్తుందో తేల్చలేకపోయాను.

5 అక్టోబరు

రేపు అది నిజంగా వస్తుందా? రాకపోతే బాధ. వస్తే ఏం చెయ్యాలి? సీతమ్మ "పడుకోండి, తిరిగి తిరిగి గచ్చు అరగ్గొట్టకండి" అంటోంది.

6 అక్టోబరు, ఆదివారం

ఈ రోజు బల్ల ఆదివారం. నెలకోసారి ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. పట్టీలో పేరున్నవాళ్ళకే. పళ్ళాలు మోసేది మేం డీకన్లం.

పొద్దున్నే ఆదాము గారితో చెప్పాను, ఇవ్వాళ పళ్ళెం నేను మొయ్యనని. ఒంట్లో బాగాలేదా అన్నారు. బాగానే ఉందన్నాను.

మొదటి పాట అవుతుండగా లీల వచ్చింది. జగన్నాధం బయట మెట్ల మీదే కూర్చున్నాడు. అది లోపలికి వచ్చి, తలుపు దగ్గర ఆఖరి చాప మీద, పేరు లేనివాళ్ళు కూర్చునే చోట కూర్చుంది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. సీతమ్మ ఆడవాళ్ళ ముందు వరసలోంచి లేచి, అందరి మోకాళ్ళూ దాటుకుంటూ వెళ్ళి దాని పక్కన కూర్చుంది. నేను డీకన్ల బెంచీ మీద ఇంకో రెండు నిమిషాలు కూర్చున్నాను. ఆ రెండు నిమిషాలు అబద్ధమాడకుండా రాసుకోవాలి. భయమేసింది, సిగ్గేసింది, ఇరవయ్యేళ్ళ బెంచీ అది. తరవాత లేచి, గుడి పొడుగునా నడిచి, దాని రెండో పక్కన కూర్చున్నాను.

రొట్టె పళ్ళెం వరసలు దాటుకుంటూ మా చాప దాకా వచ్చింది. తెచ్చినాయన నా ముందు వంచాడు.

"తీసుకో నాన్నా" అంది లీల గుసగుసగా. "అందరూ సూస్తన్నారు."

"మా అమ్మాయికి ఇచ్చిన రోజు నేనూ తీసుకుంటాను" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ఆదాము గారు చదువుతున్నది ఆపి ఇటు చూశారు.

పళ్ళెం తెచ్చినాయన దాన్ని సీతమ్మ ముందు పెట్టాడు. ఆవిడా తీసుకోలేదు.